మూడుకు మూడా, వందకు తొంభై ఐదా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చూస్తున్నాను. ఒక అమ్మకందారుకు మూడే రేటింగులు, మూడూ మంచివే. ఇంకొకరికి వంద ఉన్నాయి, అందులో ఐదు చెడ్డవి. ఎవరి దగ్గర కొనాలి?

జవాబు: నేనైతే రెండో ఆయన దగ్గరే కొంటాను. మొదటాయన చెడ్డవాడని కాదు, ఆయన గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. 2002లో యోసాంగ్, ఇస్మాయిల్ అనే పరిశోధకులు ‘బీటా రెప్యుటేషన్’ పేరుతో ఒక తేలికైన లెక్క ఇచ్చారు. మంచి రేటింగులకు 1 కలపండి. మొత్తం రేటింగులకు 2 కలపండి. మొదటి సంఖ్యను రెండోదానితో భాగించండి. మొదటాయనకు 0.8 వస్తుంది, రెండో ఆయనకు 0.94. ఒక్క రేటింగూ లేని కొత్తవారికి సరిగ్గా 0.5, అంటే నమ్మడానికీ ఆధారం లేదు, అనుమానించడానికీ లేదు. చాలా యాప్‌లు ఇప్పటికీ ఉత్త సగటు చూపించి మూడుకు మూడు వచ్చినవారిని పైన కూర్చోబెడతాయి. అది నాకు నచ్చదు.

అయితే రేటింగులన్నీ నిజమైనవైతేనే ఈ లెక్క పనిచేస్తుంది. ఒకరే బోలెడు దొంగ ఖాతాలు తెరిచి తమను తామే పొగుడుకోవచ్చు. దీన్ని సిబిల్ అటాక్ అంటారు. ఫైల్ షేరింగ్ నెట్‌వర్కుల కోసం 2003లో వచ్చిన ఐగెన్‌ట్రస్ట్ పద్ధతిలో అందరి మాటకూ ఒకే విలువ ఉండదు. రేటింగ్ ఇచ్చినవారి మీద మిగతావారికి ఎంత నమ్మకం ఉందో, వాళ్ల మాటకు అంతే బరువు.

ఇంకో చిక్కు భయం. ఈబే అనే ఆన్‌లైన్ మార్కెట్‌లో ఒకప్పుడు కొన్నవారు చెడ్డ రేటింగ్ ఇస్తే, అమ్మినవారూ కక్షతో తిరిగి ఇచ్చేవారు. దాంతో ఎందుకొచ్చిన గొడవని చాలామంది ఊరుకునేవారు. 2008లో ఈబే కొనుగోలుదారులకు చెడ్డ రేటింగ్ ఇచ్చే వీలు అమ్మకందారులకు లేకుండా చేసింది.

కాబట్టి ఆ ఐదు చెడ్డ రివ్యూలూ చదవండి. డెలివరీ ఆలస్యమంటే సర్దుకోవచ్చు. వస్తువే వేరేది వచ్చిందంటే వద్దు. తొంభై ఐదు మంచి రేటింగులు చిన్నాచితకా వస్తువులకే వచ్చి ఉంటే, ల్యాప్‌టాప్ విషయంలో వాటిని పెద్దగా లెక్కలోకి తీసుకోకండి.

ప్రశ్న: టికెట్లు బుక్ చేసిపెట్టే ఏఐ ఏజెంట్ నా ఈమెయిల్ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఇవ్వొచ్చా?

జవాబు: వద్దు. పాస్‌వర్డ్ చేతికిస్తే మెయిల్స్ చదవడం, పంపడం, తుడిచేయడం అన్నీ దాని ఇష్టం. పైగా మీ ఇన్‌బాక్స్‌లో ఇతరులు మిమ్మల్ని నమ్మి రాసిన సంగతులూ ఉంటాయి. పాస్‌వర్డ్ ఇవ్వకుండా పరిమిత అనుమతి ఇచ్చే ఓఆత్ పద్ధతి ఉంది. మెయిల్ సంస్థ సొంత పేజీ తెరుచుకుని, ఏజెంట్ ఏమేం అనుమతులు అడుగుతోందో చూపిస్తుంది. టికెట్ల పనికి మెయిల్స్ తుడిచేసే అనుమతి అడిగితే అక్కడే ఆపేయండి. బుకింగ్ అయ్యాక ఖాతా సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇచ్చిన అనుమతిని తీసేయండి.