ఇంటి వెనక గ్రీన్ బెల్ట్ పొలంలో ఇళ్లు కడతామంటే మనం రాసే అభ్యంతరానికి విలువ ఉంటుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినవారు ఇంగ్లండులో ఓ పల్లె అంచున ఇల్లు కొనుక్కున్నారు. వెనకున్న పొలం గ్రీన్ బెల్ట్‌లో ఉంది, అంటే నగరాలు పాకకుండా వాటి చుట్టూ తెరిపిగా ఉంచడానికి గీసిన నేలలో. అక్కడ 180 ఇళ్లు కట్టడానికి డెవలపర్ దరఖాస్తు పెట్టాడు. 21 రోజుల్లో అభిప్రాయం చెప్పమని కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. వీసా మీద ఉన్నవాళ్లం రాయొచ్చా, రాస్తే ఎవరైనా చదువుతారా, అసలు ఏం రాయాలి?

రాయొచ్చండీ. తప్పకుండా రాయండి. ప్లానింగ్ దరఖాస్తు మీద అభిప్రాయం చెప్పడానికి పౌరసత్వంతో పని లేదు. సొంత ఇల్లు కూడా ఉండక్కర్లేదు, అద్దెకున్నవాళ్లూ రాయొచ్చు. మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి, ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న భారత పౌరులకు ఓటు హక్కు ఉంది. కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లో కూడా. ఇంకా నమోదు చేసుకోకపోతే ముందు ఆ పని కానివ్వండి. వార్డు కౌన్సిలర్‌కి రాసేటప్పుడు ఆయన్ను ఎన్నుకునే మనిషిగా రాస్తారు.

మాది లండన్‌కి ఉత్తరాన ఒక చిన్న ఊరు. మా వీధి వెనక పొలానికి 2023లో దరఖాస్తు వచ్చింది. అభ్యంతరాలు గట్టిగా రావడంతో డెవలపర్ వెనక్కి తీసుకున్నాడు. నిబంధనలు మారాక, ఇళ్లు తగ్గించి మళ్లీ పెట్టాడు, ఈసారి అనుమతి దొరికింది. కాబట్టి పొలాన్ని కాపాడుకున్నామని మీకు చెప్పలేను. కానీ మొదట చూపించిన ప్లానుకీ చివరికి ఒప్పుకున్న ప్లానుకీ చాలా తేడా ఉంది. ఆ తేడా ఊరివాళ్ల ఉత్తరాల వల్లే వచ్చింది. అన్ని ఉత్తరాల వల్లా కాదు. ఆ నేల గురించి అక్కడ బతికినవాళ్లకు మాత్రమే తెలిసిన సంగతులు చెప్పిన కొన్ని ఉత్తరాల వల్ల. ఏ ఊరి ఏ పొలానికైనా సరిపోయే ఉత్తరం రాస్తే, అధికారి రిపోర్టులో 'స్థానికులు అభ్యంతరం తెలిపారు' అన్న వాక్యంలో కలిసిపోతుంది.

ముందు గ్రీన్ బెల్ట్ ఎందుకు పెట్టారో తెలుసుకోవాలి, లేకపోతే వాదన పక్కదారి పడుతుంది. లండన్ చుట్టూ నేల కోసం 1938లోనే ఒక చట్టం వచ్చింది. 1947 చట్టంతో ఎవరి నేలలోనైనా సరే అనుమతి లేకుండా కట్టడం కుదరకుండా పోయింది. 1955లో ప్రభుత్వం మిగతా నగరాల చుట్టూ కూడా గ్రీన్ బెల్ట్ గీయమని కౌన్సిళ్లకు సర్క్యులర్ పంపింది. ఇవాళ ఇంగ్లండు నేలలో దాదాపు ఎనిమిదో వంతు గ్రీన్ బెల్ట్. దీనికి ఐదు ఉద్దేశాలు రాసుకున్నారు: పెద్ద నగరాలు అడ్డూ అదుపూ లేకుండా పాకకుండా చూడటం, పక్కపక్క పట్టణాలు కలిసిపోకుండా ఆపడం, పల్లెసీమ ఆక్రమణకు గురికాకుండా కాపాడటం, చారిత్రక పట్టణాల పరిసరాలను నిలపడం, నగరంలో పాడుబడ్డ నేలను తిరిగి వాడేలా చేయడం. అందమైన పొలమా, అక్కడ పక్షులున్నాయా అన్నది ఈ ఐదింటిలో లేదు. నేల తెరిపిగా ఉండటమే గ్రీన్ బెల్ట్‌కి ప్రాణం.

2024 డిసెంబరులో జాతీయ ప్లానింగ్ విధానం మారింది. ఈ పార్లమెంటు కాలంలో 15 లక్షల ఇళ్లు కట్టాలన్నది ప్రభుత్వ లక్ష్యం. దానికోసం 'గ్రే బెల్ట్' అన్న కొత్త తరగతి తెచ్చారు. పైన చెప్పిన వాటిలో మొదటి, రెండో, నాలుగో ఉద్దేశాలకు బలంగా తోడ్పడని గ్రీన్ బెల్ట్ నేల ఏదైనా గ్రే బెల్ట్ అయ్యే అవకాశం ఉంది. మీరు జాగ్రత్తగా చూడాల్సింది ఇక్కడే. మూడోది, అంటే పల్లెసీమ ఆక్రమణ, ఈ లెక్కలో లేదు. ఇంటి వెనక పొలం పోతుందంటే మనందరికీ మొదట కలిగే బాధ సరిగ్గా అదే. అంతేకాదు, 2025 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం కలిసిపోకుండా ఆపడం అన్న రెండో ఉద్దేశం పట్టణాలకే వర్తిస్తుంది, పల్లెలకు కాదు. 'మా ఊరూ పక్క ఊరూ ఒకటైపోతాయి' అని మా ఊళ్లో చాలామంది రాశారు. రెండూ పల్లెలే కావడంతో ఆ వాదన గ్రే బెల్ట్ లెక్కలో నిలవలేదు. అది అన్యాయమనే నేను ఇప్పటికీ అనుకుంటాను. పల్లెకి కూడా తన అంచు అంటూ ఒకటి ఉంటుంది. కానీ మీ ఉత్తరం చదివే అధికారి చేతిలో ఉన్నది ఆ నిబంధనే.

గ్రే బెల్ట్ అని తేలినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. ఇళ్లు నిజంగా కొరతగా ఉన్నాయని చూపాలి. బస్సూ బడీ అందుబాటులో ఉండాలి. మిగతా గ్రీన్ బెల్ట్ ఉద్దేశం మొత్తంగా దెబ్బతినకూడదు. 'గోల్డెన్ రూల్స్' అని ఇంకొన్ని ఉన్నాయి. సామాన్యులు భరించగల ఇళ్ల వాటా ఆ కౌన్సిల్ మామూలుగా అడిగేదానికంటే 15 శాతం పాయింట్లు ఎక్కువ ఉండాలి, మొత్తం 50 శాతం మించకుండా. రోడ్లు, బడులు లాంటి వసతులు మెరుగుపడాలి. అందరూ తిరగగలిగే పచ్చని స్థలం ఇవ్వాలి. డెవలపర్ వీటిలో ఏది సరిగ్గా చూపలేదో వెతకండి.

మా ఊళ్లో పనిచేసింది నీళ్ల సంగతి. డెవలపర్ ఇచ్చిన వరద నివేదికలో పొలం నుంచి వాన నీరు దక్షిణాన ఉన్న కాలువలోకి సాఫీగా పోతుందని రాశారు. మ్యాపు చూస్తే అలాగే అనిపిస్తుంది. మా వీధి చివర చిన్నప్పటినుంచీ అక్కడే ఉంటున్న ఒక పెద్దావిడ ఉన్నారు. ఆ కాలువ రోడ్డు కింద ఒక పాత ఇటుక తూములోంచి పోతుందని, అది సగం పూడిపోయిందని, గట్టి వాన పడితే నీరు వెనక్కి తన్ని నాలుగు ఇళ్ల గరాజుల్లోకి వస్తుందని ఆవిడకు తెలుసు. ఆ తూము డెవలపర్ నివేదికలో లేనే లేదు. ఆవిడ దగ్గర వెనకటి ఫోటోలున్నాయి, తేదీలతో సహా. మా ఆయన, పక్కింటాయన కలిసి ఆ తూము ఎక్కడుందో మ్యాపు మీద గుర్తుపెట్టి, వాన వెలిసిన మర్నాడు ఫోటోలు తీసి, అన్నీ ఒక రెండు పేజీల ఉత్తరంలో పెట్టారు. దాన్ని ప్లానింగ్ అధికారికి పంపడంతో ఊరుకోకుండా, కౌంటీ కౌన్సిల్‌లో వరద నీటి వ్యవహారాలు చూసే విభాగానికీ పంపాం. పెద్ద దరఖాస్తుల్లో వాళ్ల అభిప్రాయం అడగడం తప్పనిసరి. ఆ విభాగం డెవలపర్‌ని తూము కొలతలు అడిగింది. వాళ్ల దగ్గర జవాబు లేదు. మొదటి దరఖాస్తు వెనక్కి పోవడానికి ముఖ్య కారణం అదే అయ్యింది. రెండోసారి వచ్చినప్పుడు పొలంలో పల్లపు మూల అంతా నీటి గుంటకు వదిలేశారు, తూము బాగుచేసే ఖర్చు కూడా ఒప్పుకున్నారు.

కాబట్టి డెవలపర్ దరఖాస్తు నంబరుతో కౌన్సిల్ వెబ్‌సైటులోకి వెళ్లి మొదట వరద నివేదిక, తర్వాత ట్రాఫిక్ నివేదిక చదవండి. వందల పేజీలుంటాయి, భయపడకండి. మీకు తెలిసిన చోటు గురించి రాసిన పేజీలు చదివితే చాలు. అందులో మీ కళ్లకు తెలిసిన నిజానికి ఎక్కడ తేడా ఉందో అక్కడ గుర్తుపెట్టుకోండి. ట్రాఫిక్ విషయంలో 'రద్దీ పెరుగుతుంది' అంటే సరిపోదు. భద్రతకు ఒప్పుకోలేనంత ముప్పు ఉంటే, లేదా రోడ్ల మీద ప్రభావం తీవ్రంగా ఉంటేనే ఆ కారణంతో కాదనాలని విధానం చెబుతోంది. కాబట్టి వాహనాల లెక్క ఏ రోజున తీశారో చూడండి, బడి సెలవుల్లో తీసి ఉంటే ఆ మాట రాయండి. పిల్లలు బడికి నడిచే దారిలో ఫుట్‌పాత్ ఎక్కడ ఆగిపోతుందో రాయండి. మా నివేదికలో గంటకో బస్సు ఉందని రాశారు. ఆ సర్వీసు తగ్గించి చాలాకాలమైంది. కొత్త టైంటేబుల్ జతచేసి పంపాం. 'అందుబాటులో ఉన్న ప్రదేశం' అన్న వాళ్ల మాటకు అది సూటిగా తగిలింది.

చెట్లు, కంచె పొదల విషయంలో పాత ఫోటోలు దాచుకోండి. కొత్తగా కట్టే చోట జీవవైవిధ్యం కనీసం 10 శాతం పెరిగేలా చూడాలని 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద దరఖాస్తులకు చట్టం ఉంది. దరఖాస్తుకి ముందే పొదలు నరికేసి నేల బోడిగా చూపించే ప్రయత్నాలకు కూడా అందులో జవాబుంది: 2020 జనవరి 30 తర్వాత అనుమతి లేకుండా పాడుచేసి ఉంటే, పాడుకాక ముందున్న స్థితినే లెక్కలోకి తీసుకుంటారు. అది నిరూపించేది మీ ఫోటోలే.

మన ఇంటి ధర పడిపోతుందని, కిటికీలోంచి కనిపించే దృశ్యం పోతుందని రాయకండి. వాటిని లెక్కలోకి తీసుకోరు. కొత్త ఇంటి కిటికీలు మీ పడగ్గదిలోకి చూస్తాయంటే, మీ ఇంటికి వెలుతురు తగ్గుతుందంటే అది లెక్కే. వందలమంది సంతకాలు పెట్టిన వినతిపత్రాన్ని చాలా కౌన్సిళ్లు ఒక్క అభ్యంతరంగానే చూస్తాయి. ఇంట్లో ఇద్దరుంటే ఇద్దరూ విడివిడిగా, ఎవరి మాటల్లో వాళ్లు రాయండి. మీ పేరుతో సహా ఆ ఉత్తరం వెబ్‌సైటులో అందరికీ కనిపించే అవకాశం ఉందని గుర్తుంచుకోండి.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. మా ఊరి హాల్లో జరిగిన సభలో ఒకాయన లేచి, బయటినుంచి వచ్చేవాళ్ల కోసం మన ఊరిని ఎందుకు పాడుచేసుకోవాలి అన్నారు. హాల్లో నల్లగా ఉన్నది నేనూ, మా ఆయనా, ఇంకో తమిళ కుటుంబమూ. ఆయన మమ్మల్ని అన్నారో లేదో తెలియదు గానీ, ఆ మాట నాకు గుచ్చుకుంది. మేముంటున్న ఎస్టేటు కూడా ముప్ఫై ఏళ్ల కిందట పొలమే. అప్పుడు అభ్యంతరం రాసినవాళ్లు ఇవాళ మా పక్కింటివాళ్లు. అందుకే నా ఉత్తరంలో ఇళ్లు అక్కర్లేదని రాయలేదు. ఇళ్లు కావాలి. మా పిల్లల టీచరు అద్దె కట్టలేక ఎక్కడో దూరం నుంచి కారులో వస్తుంది. ఏ ఇళ్లు, ఎన్ని, ఆ నేలలో ఏ భాగంలో, నీళ్లూ నడకదారీ ఎలా అన్నదే నేను అడిగాను. ఎవరు వచ్చి ఉంటారన్నది మీ ఉత్తరంలో ఒక్క అక్షరం కూడా రానివ్వకండి. అది తప్పు, పైగా కౌన్సిల్ అలాంటి మాటలను పక్కన పెట్టేస్తుంది.

డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకడం లేదని అందరూ రాస్తారు. నిజమే, మాకూ దొరకదు. కానీ ఆ కారణంతో దరఖాస్తు తిరస్కరించడం అరుదు. సెక్షన్ 106 ఒప్పందం కింద డెవలపర్ నుంచి డబ్బు తీసుకుని సరిపెడతారు. ఆ డబ్బుతో సర్జరీలో, అంటే ఊరి డాక్టర్ క్లినిక్‌లో, ఒక గది కట్టొచ్చు, డాక్టర్‌ని తీసుకురావడం వేరే సంగతి. అయినా ఆ ఒప్పందం మీద మనసు పెట్టండి, ఎందుకంటే అనుమతి వచ్చినా మీకు మిగిలేది అదే. ఏ సర్జరీకి, ఏ బడికి, ఎన్నో ఇల్లు పూర్తయ్యేలోపు డబ్బు కట్టాలో రాయించమని మీ కౌన్సిలర్‌ని అడగండి. మా పాదచారుల క్రాసింగ్ మొదటి ఇంట్లో మనుషులు చేరకముందే పడింది. అలా రాయించాం కాబట్టే.

కమిటీ సమావేశంలో మాట్లాడే అవకాశం ఉంటే పేరు ఇవ్వండి. సాధారణంగా మూడు నిమిషాలిస్తారు, అది అభ్యంతరం చెప్పేవాళ్లందరికీ కలిపి అవ్వొచ్చు. మా తరఫున ఆ పెద్దావిడే మాట్లాడారు. తూము గురించి తప్ప ఇంకేమీ చెప్పలేదు.

ఒక అసమానత ఉంది, ముందే తెలుసుకోండి. కౌన్సిల్ కాదంటే డెవలపర్ ఆరు నెలల్లోగా అప్పీలుకి వెళ్లొచ్చు. కౌన్సిల్ సరే అంటే మనకు అప్పీలు లేదు. ఆరు వారాల్లోగా కోర్టులో జ్యుడిషియల్ రివ్యూ అడగడం ఒక్కటే దారి, అదీ చట్టం తప్పారా లేదా అన్నంతవరకే. అప్పీలులో ఓడితే, కారణం బలహీనంగా ఉంటే ఖర్చులు కూడా కౌన్సిల్ మీద పడొచ్చు. అధికారులు మన కోపానికి కాక ఆధారానికి కదలడం వెనక ఈ భయం ఉంది.

ఇంకా ముందే పట్టుకోగలిగే చోటు లోకల్ ప్లాన్, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో కౌన్సిల్ ముందుగా రాసుకునే ప్రణాళిక. గ్రీన్ బెల్ట్ హద్దు మార్చేది అక్కడే. హైదరాబాద్‌లో జంట జలాశయాల కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. 2022లో మరో జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. ఇక్కడ కూడా గీత కదులుతుంది. కాకపోతే ప్లాన్ ముసాయిదాని ప్రజల ముందు పెట్టాలి, ప్లానింగ్ ఇన్‌స్పెక్టర్ విచారణ జరపాలి. ఆఖరి దశ ముసాయిదాలో మార్పు కోరుతూ రాసినవాళ్లకు ఆ విచారణలో స్వయంగా మాట్లాడే హక్కుంది. మీ పొలం పేరు ఆ ముసాయిదాలో ఉందేమో ఈరోజే చూడండి. ఉంటే 180 ఇళ్ల దరఖాస్తుతో పాటు దానికీ రాయాలి.

21 రోజుల గడువు దాటిపోతే వదిలేయకండి. నిర్ణయం వెలువడేదాకా వచ్చిన ఉత్తరాలను చాలా కౌన్సిళ్లు చూస్తాయి. ఇలాంటి పెద్ద దరఖాస్తుకి నిర్ణయ గడువు 13 వారాలు, తరచూ అంతకంటే ఎక్కువే పడుతుంది. అయితే గడువులోపు వచ్చిందే ఖాయంగా లెక్కలోకి వస్తుంది కాబట్టి, ముందు ఒక పేజీ పంపించి, ఫోటోలూ మ్యాపులూ తర్వాత జతచేయండి.