చేయని పరీక్షే మీ సాక్ష్యం

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు. నాన్నగారి వయసు అరవై ఒకటి, మగ్గం నేస్తారు, షుగరు ఉంది. కాలి బొటనవేలికి దెబ్బ తగిలితే మా వీధి చివరి క్లినిక్‌లో చూపించాం. షుగరు మాత్రలు కూడా రెండేళ్లుగా ఆ డాక్టరే రాస్తున్నారు. నలభై రోజుల్లో పదకొండుసార్లు వెళ్లాం. ప్రతిసారీ గంటలకొద్దీ కూర్చోబెట్టి రెండు నిమిషాల్లో పంపేవారు. కట్టు, ఇంజెక్షను అన్నీ కాంపౌండరే. ఏమైనా అడిగితే కసిరేవారు. ఒక్కసారి కూడా షుగరు పరీక్ష రాయలేదు. చివరిసారి వెళ్లింది 2024 ఆగస్టు 2న. పాదం నల్లబడితే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఆగస్టు 19న మోకాలి కింద కాలు తీసేశారు. పెద్దమనుషులతో మాట్లాడించినా తేలలేదు. ఇంటర్నెట్‌లో చూస్తే ఆ క్లినిక్‌కు ఐదుకు నాలుగున్నర రేటింగు! మా దగ్గర నాలుగు చీటీలే మిగిలాయి. ఒకటి దెబ్బకు ముందు షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ రాసినది, మూడు పుండుకు రాసినవి. షుగరు రిపోర్టు లేకపోతే కేసు నిలవదని, తెలిసిన ల్యాబులో పాత తేదీతో ఒకటి తీసుకుందామని మా బావ అంటున్నాడు. మధ్యలో నాలుగు రోజులు పసరు కట్టు కూడా కట్టించాం. కేసు వేయడానికి మూడేళ్ల గడువు ఉందట కదా?

జవాబు: మూడేళ్లు కాదు, రెండేళ్లు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ఇచ్చిన గడువు అంతే. మూడేళ్లన్నది సివిల్ కోర్టు దావాల గురించి ఎవరో మీకు చెప్పిన మాట. ఆ రెండేళ్లను కాలు తీసిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు. నష్టం బయటపడిన నాటి నుంచి గడువును లెక్కించిన తీర్పులు ఉన్నాయి. కానీ వాదించి గెలవాల్సిన తేదీని నమ్ముకుని కేసు వేయడం తెలివైన పని కాదు. ఆ క్లినిక్ గడప చివరిసారి తొక్కిన ఆగస్టు 2 నుంచే లెక్కపెట్టుకోండి. అంటే 2026 ఆగస్టు 1 లోగా ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో దాఖలై ఉండాలి. పెద్దమనుషుల అరుగు మీద గడిచిన నెలలను చట్టం మీకు తిరిగి ఇవ్వదు. రాజీ మాటలు గడువును ఆపవు, లాయరు నోటీసూ ఆపదు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. అయితే ‘మాట్లాడుకుంటూ ఉండిపోయాం’ అనేది ఆ కారణాల్లో చాలా బలహీనమైనది.

మీ ఉత్తరంలో ఎక్కువ భాగం డాక్టరు కసరడం గురించి, బెంచీ మీద కూర్చోబెట్టడం గురించి ఉంది. మీకు కోపం రావడం సహజమే కానీ దాని మీద కేసు నడవదు. అదే పరిస్థితిలో సాధారణ నైపుణ్యం ఉన్న డాక్టరు చేసే పనిని ఈయన చేశారా లేదా అన్నదే చట్టం చూస్తుంది. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టిన కొలమానం అదే. ఎంతో మర్యాదగా మాట్లాడి పరీక్ష రాయని డాక్టరూ నిర్లక్ష్యం చేసినట్టే. ఇంటర్నెట్ రేటింగు సంగతీ ఇంతే. నాలుగున్నర ఉంటే ఆయనకు రక్షణ కాదు, ఒకటి ఉంటే మీకు సాక్ష్యం కాదు. జలుబుకు మందు తీసుకుని తగ్గినవాడు పెట్టిన మెచ్చుకోలు షుగరు పుండు గురించి ఏం చెబుతుంది?

కేసును తేల్చే అంశం మీరు చివర్లో అలవోకగా రాసేసిన మెట్‌ఫార్మిన్ చీటీ. అది దెబ్బ తగలక ముందు, ఆ డాక్టరు స్వహస్తంతో రాసినది. ‘షుగరు ఉన్న సంగతి నాకు చెప్పలేదు’ అనే దారిని ఆ ఒక్క కాగితం మూసేస్తుంది. షుగరు ఉన్నవారి పాదంలో స్పర్శ, రక్తప్రసరణ తగ్గుతాయని, చిన్న పుండే పాదాన్ని తినేస్తుందని ఏ డాక్టరుకైనా తెలుసు. తెలిసీ నలభై రోజులు రక్తపరీక్ష లేకుండా, సర్జను దగ్గరకు పంపకుండా కట్టు మార్పించారన్నదే మీ ఫిర్యాదు. మిగతాదంతా కొట్టేయండి.

ఇప్పుడు మీ బావగారి ఆలోచన. ఆ ల్యాబు వైపు వెళ్లకండి. కమిషన్ ముందు నడిచేది న్యాయ విచారణ. అందులో దొంగ సాక్ష్యం పుట్టించినవారికి భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. దానికన్నా పెద్ద తెలివితక్కువతనం ఇంకొకటి ఉంది. ‘షుగరు పరీక్ష చేయించలేదు’ అన్నదే మీ ఆరోపణ అయినప్పుడు, పరీక్ష జరిగిందని చెప్పే కాగితాన్ని మీరే పుట్టించి తెస్తారా? అవతలి లాయరు దాన్ని చేతిలో పట్టుకుని, రిపోర్టు మీ దగ్గరే ఉంటే డాక్టరుకు ఎందుకు చూపించలేదని అడుగుతాడు. మీ దగ్గర సమాధానం ఉండదు. రిపోర్టు లేదని దిగులు పడుతున్నారు. అది లేకపోవడమే మీ బలం.

పసరు కట్టు గురించి మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యం రాశారు. అవతలివారు దాన్ని జవాబులో మొదటి పేరాలో పెడతారు. దాచవద్దు. ఏ రోజు, ఎన్ని రోజులు, ఆ తర్వాత మళ్లీ క్లినిక్‌కు వెళ్లినప్పుడు డాక్టరు ఏమన్నారు, అన్నీ ఫిర్యాదులో మీరే రాయండి. పరిహారం కొంత తగ్గవచ్చు. అబద్ధం బయటపడితే మొత్తం పోతుంది. పుండుకు రాసిన పదకొండు చీటీల్లో ఎనిమిదింటిని పోగొట్టుకున్నందుకు మాత్రం మిమ్మల్ని మందలించకుండా ఉండలేను. మగ్గం లెక్కల పుస్తకం పదేళ్లు దాచుకునే ఇంట్లో డాక్టరు చీటీ వారం కూడా నిలవదు!

పోయిన చీటీల లోటును కొంత పూడ్చుకోవచ్చు. ఫీజు ఫోన్‌పేలో కట్టి ఉంటే ఆ చెల్లింపుల జాబితా, బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి. తేదీలతో సహా మీ రాకపోకలకు సాక్ష్యం అదే, డబ్బు చెల్లించి వైద్యం పొందారనడానికి రుజువూ అదే. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఫోను నుంచి తీసిన కాగితాలకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. మందుల షాపులో పాత బిల్లుల నకళ్లు అడగండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కర్నూలు ఆసుపత్రి కేసు షీటు. చేర్చుకున్న రోజు అక్కడి డాక్టరు పుండు ఎన్ని రోజులదో, అంతకుముందు ఎక్కడ చూపించారో అడిగి రాసుకుంటారు. రక్తంలో షుగరు ఎంత ఉందో కూడా అందులో ఉంటుంది. అప్పటికి కేసు ఆలోచన ఎవరికీ లేదు కాబట్టి ఆ రాతకు విలువ ఎక్కువ. సూపరింటెండెంటుకు నాన్నగారి సంతకంతో దరఖాస్తు ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి, 2002 చెబుతోంది. జాప్యం చేస్తే సమాచార హక్కు చట్టం కింద అడగండి. కాలు తీసిన సర్జను నుంచి, నాన్నగారిని ముందే సర్జను దగ్గరకు పంపి ఉంటే పరిస్థితి ఎలా ఉండేదో రాతపూర్వక అభిప్రాయం కోరండి. నిపుణుడి సాక్ష్యం ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు అన్నది నిజమే, అయినా ఉంటే మీ నడక తేలికవుతుంది.

చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉందేమో కూడా చూడండి. లేకపోతే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లో ఆ పేరు ఉందో లేదో కనుక్కోండి. లేదని తేలితే కేసు స్వరూపమే మారిపోతుంది, అప్పుడు మళ్లీ రాయండి.

బంధువులను వెంటేసుకుని క్లినిక్ ముందు కూర్చోవడం, అద్దాలు పగలగొట్టడం వంటివి వద్దు. వైద్యుల మీద దాడులకు రాష్ట్రంలో 2008 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. ఫిర్యాదుదారులుగా వెళ్లాల్సినవారు ముద్దాయిలవుతారు.

ఫిర్యాదు నాన్నగారి పేరుతో కర్నూలు జిల్లా కమిషన్‌లో వేయండి. రుసుమును అడిగే పరిహారాన్ని బట్టి కాక వైద్యానికి చెల్లించిన సొమ్మును బట్టి లెక్కిస్తారు. అది ఐదు లక్షల లోపు ఉంటే రుసుమే లేదు. సంపాదన నష్టం చూపించడానికి నేత సొసైటీ పాసుపుస్తకమో, మజూరీ లెక్కల పుస్తకమో తీసుకెళ్లండి. లాయరు ఖర్చు గురించి బెంగ వద్దు. వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. కర్నూలు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఈ వారమే దరఖాస్తు ఇవ్వండి. సదరం (వైకల్య) ధ్రువపత్రం నకలు, ఆ మెట్‌ఫార్మిన్ చీటీ నకలు దానికి జతచేయండి. అసలు చీటీ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వవద్దు, మీ లాయరుకు కూడా.