మొగ్గ పట్టుకున్న పిల్ల: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఏథెన్స్ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క గుక్కలో చదివేశాను. నీ వాక్యానికి మంచి నడక ఉంది, దాన్ని పోగొట్టుకోకు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివితే ఇబ్బంది తెలిసింది. నేషనల్ ఆర్కియలాజికల్ మ్యూజియంలో నువ్వున్నది ఒక్క పూట. నాలుగు పేజీల్లో 37 వస్తువుల పేర్లు చెప్పావు, లెక్కపెట్టాను. వాటిలో ఒక్కటీ నా కళ్లకు కట్టలేదు.

అందరికీ జరిగేదే ఇది. అక్కడ 11,000కు పైగా వస్తువులు పెట్టారు. విమానం ఖర్చు, టికెట్టు, మళ్లీ వస్తామో రామో అన్న టెన్షన్ అన్నీ కలిసి మనల్ని పరుగెత్తిస్తాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు టూరు వాళ్లు ఇచ్చింది గంటంబావు. విగ్రహాల పక్కన వివరాలు రాసి పెట్టిన కార్డునల్లా నోట్‌బుక్‌లోకి ఎక్కించుకున్నాను. ఇంటికొచ్చి తెరిస్తే అందులో విగ్రహాలు లేవు, కార్డులున్నాయి. ‘తెల్లని పాలరాతి స్వచ్ఛత’ అన్న ముక్కొక్కటే నా సొంతం. అదీ తప్పే. ఆ రాళ్లకి ఎరుపు, నీలం, పసుపు రంగులు వేసేవాళ్లు. రంగు రాలిపోయి రాయి మిగిలితే, ఆ మిగిలినదాన్నే వాళ్ల కళ అనుకున్నాను.

అప్పటినుంచి మ్యూజియంలో ఏదైనా చూస్తే, ఉన్నది చూశాక లేనిదేమిటో కూడా చూస్తాను. నీకు చెప్పాలనుకున్నది ఇదే.

హెగెసో సమాధి ఫలకం గురించి ‘చేతిలో నగ పట్టుకుని దిగులుగా చూస్తున్న స్త్రీ’ అని రాశావు. ఆ ఫోటో మళ్లీ తెరువు. క్రీ.పూ. 5వ శతాబ్దం చివర్లో చెక్కిన రాయి అది, కెరామెయికోస్ శ్మశానంలో 1870లో దొరికింది. కుర్చీలో హెగెసో కూర్చుంది, ఎదురుగా పనిపిల్ల నిలబడి నగల పెట్టె అందిస్తోంది. హెగెసో కుడిచేతి వేళ్లు దేన్నో పట్టి పైకెత్తినట్టున్నాయి. ఆ వేళ్ల మధ్య ఏమీ లేదు. నగను చెక్కకుండా రంగుతో వేశారు, ఆ రంగు పోయింది. ఇప్పుడు ఆమె చూస్తున్నది ఖాళీని. నువ్వు కార్డు చదివి ఆ ఖాళీలో నగ పెట్టేశావు. దాంతో ఆ వేళ్లు నీకు కనిపించకుండా పోయాయి.

కంచు దేవుడి దగ్గరా ఇంతే. ఆర్టెమిసియోన్ దగ్గర సముద్రంలో దొరికిన ఆ విగ్రహం చేతిలో ఉన్న ఆయుధం పోయింది. పిడుగైతే దేవతల రాజు జియస్, త్రిశూలమైతే సముద్ర దేవుడు పోసిడాన్. నువ్వు పోసిడాన్ అని తేల్చేశావు. పండితుల్లో ఎక్కువమంది జియస్ అంటారు, వాదన మాత్రం తెగలేదు. తెగని వాదనను తెగనట్టే రాయి.

ఇక ఫ్రాసిక్లియా. ఆమెకి నువ్వు మూడు వాక్యాలిచ్చావు, నాకు కోపం వచ్చింది ఇక్కడే. క్రీ.పూ. 550–540 మధ్య పారోస్ ద్వీపం శిల్పి ఆరిస్తియోన్ సమాధి మీద నిలపడానికి చెక్కిన అమ్మాయి. మనిషంత ఎత్తు. మెడలో హారం, చెవులకి కమ్మలు, తలమీద తామర పూలూ మొగ్గలూ కలిపిన కిరీటం. బట్ట మీద ఎర్ర రంగు జాడలు ఇంకా ఉన్నాయి. కుడిచేత్తో గౌను కుచ్చిళ్లు పట్టుకుంది. ఎడమచేతిలో, గుండెకి దగ్గరగా, విచ్చుకోని తామర మొగ్గ.

బట్ట మీద స్వస్తిక గుర్తులు చూసి ‘మన సంస్కృతి అక్కడిదాకా వెళ్లింది’ అని రాశావు. తొందరపడ్డావు. అంతకు రెండు వందల ఏళ్ల ముందునుంచే గ్రీకు కుండల మీద ఆ గుర్తు ఉంది. దూరదేశంలో మనది కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది, నాకు తెలుసు. కానీ ఆ ఆనందంలో ఆ పిల్ల ఎవరో అడగడం మర్చిపోయావు.

ఆమె ఎవరో కింద రాసే ఉంది. ఆ విగ్రహం పీఠం చాలాకాలం మెరెండా అనే ఊళ్లో ఒక చర్చి కట్టడంలో రాయిగా ఇమిడిపోయి ఉంది. విగ్రహం 1972లో అదే ఊరి మట్టిలోంచి బయటపడింది. విగ్రహాన్ని పీఠానికి బిగించిన సీసపు ముక్క అతుకు సరిపోయి రెండూ ఒకదానివేనని తేలింది. ఆ పీఠం మీద పిల్లే మాట్లాడుతుంది:

‘ఇది ఫ్రాసిక్లియా గుర్తు. ఎప్పటికీ నన్ను కన్య అనే పిలుస్తారు. పెళ్లికి బదులు దేవతలు నాకిచ్చిన పేరు ఇదే.’

గ్రీకులో సమాధికీ గుర్తుకీ ఒకటే మాట, సేమా. కన్యకీ కూతురికీ ఒకటే మాట, కోరే. ఇక్కడ కన్నీరన్న మాట లేదు, అయ్యో అన్న మాట లేదు. తల్లిదండ్రులెవరో కూడా లేదు. ఇప్పుడు మళ్లీ ఆ మొగ్గ చూడు.

మా చిన్నప్పుడు పక్కింటి అక్క పెళ్లి పదిరోజులుందనగా కామెర్లతో పోయింది. పంచాల్సిన శుభలేఖల కట్ట, దారం కూడా విప్పనిది, వాళ్ల అటక మీద ఏళ్ల తరబడి ఉంది. పసుపు పెట్టిన అంచులు నల్లబడటం నేను చూశాను. దాని మీద మూడుసార్లు కథ రాశాను, మూడుసార్లూ వాళ్లమ్మ చేత పేజీలకొద్దీ ఏడిపించాను, మూడుసార్లూ చెడగొట్టాను. ఆ పీఠం మీద మాటలు చదివి వచ్చాక ఏడుపంతా కొట్టేసి కట్టను మాత్రం ఉంచాను. అప్పుడు నిలబడింది ఆ కథ.

కాబట్టి ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. ఫ్రాసిక్లియాని ఉంచి మిగతా 36 వస్తువుల్నీ తీసెయ్. పారెయ్యకు, వేరే ఫైల్లో దాచుకో, హెగెసో వేళ్లు ఎప్పుడో పనికొస్తాయి. తేదీలూ ఊళ్లూ అవసరమైనచోటే రానివ్వు. చర్చి సంగతి, సీసపు అతుకు సంగతి తప్పకుండా ఉంచు. పేరు ఒకచోట, పిల్ల ఒకచోట అయిపోయి మళ్లీ కలిశారు కదా, అది నీ వ్యాసానికి వెన్నెముక కావచ్చు. నువ్వు ఆమె ముందు ఎంతసేపు నిలబడ్డావో నిజం రాయి. రెండు నిమిషాలైతే రెండు నిమిషాలే రాయి.

ఇంకో సాయం కావాలి. నేను తీసిన ఫోటోలో ఎడమచేతి మీద నీడ పడింది. నీ ఫోటోలు జూమ్ చేసి చూసి, మొగ్గని ఎన్ని వేళ్లతో పట్టుకుందో, గట్టిగా పట్టుకుందో ఊరికే ఆనించిందో రాసి పంపు. వచ్చే వారానికల్లా అందితే మంచిది.

నీ శ్రేయోభిలాషి