బిళ్ళగన్నేరు కషాయంతో కుక్క చన్నుగడ్డ కరుగుతుందా?

ప్రశ్న: మాది కావలి. మా ఆడ పమేరియన్‌కు 9 ఏళ్లు, బరువు 9 కిలోలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. వెనక కాళ్ల దగ్గరి చన్ను పక్కన రేగిపండంత గట్టి గడ్డ రెండు నెలలుగా ఉంది. తిండి మామూలుగానే తింటోంది. బిళ్ళగన్నేరు ఆకుల్లోంచే క్యాన్సర్ మందు తీస్తారట. ఆ కషాయం తాగించి, అన్నంలో పసుపు కలిపి పెడితే గడ్డ కరుగుతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. కోత లేకుండా తగ్గుతుందా? - ఓ పాఠకురాలు

జవాబు: వాళ్లు చెప్పిన దాంట్లో సగం నిజమే. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే మందులు బిళ్ళగన్నేరువే. కానీ ఒక్క గ్రాము మందు తీయాలంటే వందల కిలోల ఎండు ఆకు కావాలి. తీశాక కూడా మిల్లీగ్రాముల లెక్కన, నేరుగా రక్తనాళంలోకి ఎక్కిస్తారు. నరం బయట ఒక్క చుక్క పడినా కండ కుళ్లిపోతుంది. కషాయంలో ఆ మందు ఎంత దిగిందో కొలిచే వీలు లేదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే 9 కిలోల కుక్క ఎంతోసేపు తట్టుకోలేదు.

పేరులోనే ఇంకో ప్రమాదం ఉంది. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు మూడూ వేర్వేరు మొక్కలు. మొదటి రెండూ గుండెను ఆపేసే విషాలు. ‘గన్నేరు ఆకు’ అన్న మాట పట్టుకుని పెరట్లో ఏది కనిపిస్తే అది కోసి మరిగిస్తే కుక్క ప్రాణం పోతుంది.

‘మా కుక్కకు ఆ మందుతోనే తగ్గింది’ అని ఎవరైనా అంటే అదీ అబద్ధం కాకపోవచ్చు. జత కట్టినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకోదానికి అంటుకునే జననాంగాల కణితికి వారానికో విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ చొప్పున నాలుగైదు వారాలు వేస్తే చాలావరకు పూర్తిగా తగ్గుతుంది. మీ కుక్కకు ఉన్నది ఆ జబ్బు కాదు. పాలగ్రంథుల గడ్డకు అసలు వైద్యం దాన్ని కోసి తీయడమే.

పసుపు సంగతి. గాజు పళ్లెంలో పెంచిన కణితి కణాల మీద పసుపులో ఉండే కుర్‌క్యుమిన్ అనే పదార్థాన్ని నేరుగా పోస్తే అవి చస్తాయి. మరి చెంచా పసుపులో, అంటే 3 గ్రాముల్లో, కుర్‌క్యుమిన్ ఉండేది 90 మిల్లీగ్రాముల లోపే. అందులోనూ పేగు నుంచి రక్తంలోకి చేరేది బహు స్వల్పం, చేరినదాన్ని కాలేయం వెంటనే విరిచేస్తుంది. గడ్డ దాకా వెళ్లేది దాదాపు ఏమీ ఉండదు. అన్నంలో చిటికెడు పసుపు వేస్తే నష్టం లేదు. కుర్‌క్యుమిన్ క్యాప్సూళ్లు మాత్రం వద్దు. అవి రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తాయి. ఇప్పటికే వాడుతుంటే ఆపరేషన్‌కు పది రోజుల ముందే ఆపి, డాక్టరుకు చెప్పండి. వెల్లుల్లి అసలే పెట్టకండి, కుక్కల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. జిల్లేడు పాలు, నల్లజీడి పూస్తే తోలు కాలి పుండవుతుంది. మన ఎండలకు దాని మీద ఈగలు వాలి పురుగులు పడతాయి. చిన్న కోతతో పోయేదానికి పెద్ద కోత తప్పదు.

మొక్కల నుంచి వచ్చిన మందుల్లో ఈ జబ్బుకు దగ్గరగా వచ్చింది యూ అనే చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్. కుక్కలకు సరిపడేలా మార్చిన ఇంజెక్షన్‌కు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో షరతులతో అనుమతిచ్చింది. అదీ పాలగ్రంథుల క్యాన్సర్లలో కోసి తీయడానికి వీల్లేనివాటికే. ఆ అనుమతి ఇప్పుడు లేదు. మనుషులకు వాడే పాక్లిటాక్సెల్‌ను కలిపే ద్రావకం కుక్కలకు తీవ్రమైన అలర్జీ తెస్తుంది కాబట్టి మందుల షాపులో కొని ఇప్పించే ఆలోచన చేయకండి.

ఇప్పుడు మీకు విలువైంది సమయం. రేగిపండంత అంటే సుమారు 2 సెంటీమీటర్లు. 3 సెంటీమీటర్లు దాటకముందే తీసేస్తే, క్యాన్సరే అయినా బతికే అవకాశం బాగుంటుంది. ఇలాంటి గడ్డల్లో దాదాపు సగం మామూలువే. అయితే ఏది ఏదో చేత్తో నొక్కి చూసి చెప్పలేం. ఈ వారమే పశువుల డాక్టరుకు చూపించండి. చన్నులన్నీ తడిమి చూడమనండి, ఇంకో చిన్న గడ్డ దాగి ఉండొచ్చు. గజ్జల్లోని గ్రంథులు, రక్తపరీక్ష, ఛాతీకి మూడు వైపుల నుంచి ఎక్స్‌రే ముందే చూడాలి. ఊపిరితిత్తులకు పాకిందా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది. కావలిలో కుదరకపోతే తిరుపతి వెటర్నరీ కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తీసిన గడ్డను పారేయనివ్వకండి. దానికి పదింతల ఫార్మలిన్‌లో (కుళ్లకుండా ఉంచే ద్రావకం) వేసి పరీక్షకు పంపాలి, రెండు గడ్డలుంటే రెండు వేర్వేరు డబ్బాల్లో. చాలాచోట్ల తప్పిపోయేది ఈ ఒక్క పనే. ఆ రిపోర్టు లేకుండా తర్వాత మందులు అవసరమో కాదో ఎవరూ చెప్పలేరు. అదే మత్తులో గర్భసంచి, అండాశయాలు కూడా తీయించవచ్చేమో అడగండి. ఈ వయసులో గర్భసంచికి చీము పట్టే ముప్పు దాంతో పోతుంది. కుట్లు విప్పే దాకా, అంటే 10 నుంచి 14 రోజులు, మెడకు ప్లాస్టిక్ కాలర్ ఉండాలి.

ఈలోపు గడ్డను పిసకొద్దు, కాపడం పెట్టొద్దు. చన్నుల వరస ఎర్రగా కమిలి, వేడెక్కి, తాకితే అరుస్తుంటే, లేదా వెనక కాలు వాచితే వారం దాకా ఆగకండి, అదే రోజు తీసుకెళ్లండి.