కుట్ర కథలను జనం ఎందుకంత తేలిగ్గా నమ్ముతారు?

తెలివి తక్కువై మాత్రం కాదు. పెద్ద ఘటనకు పెద్ద కారణమే ఉండాలని మన మనసు పట్టుబడుతుంది. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనడీని ఓ మామూలు గిడ్డంగి ఉద్యోగి ఒక్కడే, పోస్టులో తెప్పించుకున్న చవక రైఫిల్‌తో కాల్చి చంపాడంటే ఇప్పటికీ చాలామందికి మింగుడుపడదు. దానికి భయం తోడైతే ఇక చెప్పక్కర్లేదు: ఉద్యోగం పోయి, రోగమొచ్చి, ఏదీ మన చేతిలో లేదనిపించినప్పుడు "ఎవరో కావాలనే చేస్తున్నారు" అనుకోవడం కూడా ఒకలాంటి ఊరటే. పైగా నిజమైన కుట్రలూ జరిగాయి కదా. అమెరికాలోని టస్కెగీ పట్టణంలో 1932 నుంచి 1972 దాకా, పెన్సిలిన్ వచ్చాక కూడా, సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి పురుషులకు చికిత్స ఇవ్వకుండా అమెరికా ప్రభుత్వ వైద్యులే గమనిస్తూ కూర్చున్నారు. ఆ చరిత్ర తెలిసినవాళ్లు టీకా అనగానే జంకితే, వాళ్లను వెక్కిరించడం నాకు తప్పనిపిస్తుంది.