యూఫోనియం నేర్చుకుంటే బతుకుతెరువు ఉంటుందా?

ప్రశ్న: మాది అనకాపల్లి దగ్గర ఒక పల్లె. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. హైస్కూలు బ్యాండులో యూఫోనియం అనే పెద్ద ఇత్తడి వాయిద్యం అలవాటయింది. విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ బ్యాండును చూసి వచ్చినప్పటి నుంచి అదే తన దారి అంటున్నాడు. చివరికి పెళ్లి బ్యాండులో ఊదుకుంటూ తిరుగుతాడేమోనని వాళ్లమ్మ దిగులు. ఈ వాయిద్యానికి ఉద్యోగాలు ఉన్నాయా? దీన్ని మాన్పించి కీబోర్డో క్లారినెట్టో నేర్పించడం మేలా?

జవాబు: మాన్పించవద్దు. అయితే యూఫోనియం ఒక్కటే వచ్చి, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి) చూసి వాయించడం రాకపోతే ఉద్యోగం దొరకడం కష్టం. మన దేశంలో ఈ వాయిద్యానికి జీతం ఇచ్చేవి ముఖ్యంగా సాయుధ దళాల బ్యాండులు, కేంద్ర, రాష్ట్ర పోలీసు బ్యాండులు. ఎందుకు అక్కడే అన్న సంగతి ఈ వాయిద్యం చరిత్రలోనే ఉంది కాబట్టి దాన్ని కాస్త వివరంగా చెబుతాను. మీ అబ్బాయి ఏం నేర్చుకోవాలో కూడా దాని నుంచే తెలుస్తుంది.

సింఫనీ ఆర్కెస్ట్రాలో యూఫోనియానికి శాశ్వత స్థానం లేదు. ఇంగ్లండ్ సంగీతకర్త హోల్స్ట్ రాసిన 'ది ప్లానెట్స్' వంటి కొన్ని రచనల్లో, యూఫోనియం మీద వాయించే టెనర్ ట్యూబా భాగం వచ్చినప్పుడు మాత్రమే ఈ వాయిద్యకారుణ్ని పిలిపిస్తారు. సుషిర వాద్యాలే ప్రధానంగా ఉండే విండ్ బ్యాండులో పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ వయొలిన్లు, వాటికంటే మంద్రంగా పలికే పెద్ద తీగ వాయిద్యాలైన చెల్లోలు ఉండవు. చెల్లో చేసే పనిలో చాలా భాగం, అంటే పైన క్లారినెట్లు ప్రధాన వరస వాయిస్తుంటే కింది మధ్య స్థాయిలో దానికి దీటుగా మరో వరస నడపడం, యూఫోనియం మీదే పడుతుంది. అదే హోల్స్ట్ 1909లో బ్యాండు కోసం రాసిన ఫస్ట్ సూట్ విన్నవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. దీని గొట్టం పొడవు ట్రాంబోన్‌దంతే, సుమారు తొమ్మిది అడుగులు. కాకపోతే ట్రాంబోన్ గొట్టం చాలా దూరం ఒకే వెడల్పుతో సాగుతుంది, యూఫోనియం గొట్టం క్రమంగా వెడల్పవుతూ పోతుంది. గంభీరంగా ఉంటూనే మెత్తగా వినిపించే ఆ నాదానికి కారణం ఇదే.

బ్యాండు అనే వ్యవస్థ మొదటి నుంచీ కొలువుల మీదనే బతికింది. 18వ శతాబ్దపు యూరప్ ఆస్థానాల్లో ఓబోలు, క్లారినెట్లు, హార్న్‌లు, బాసూన్లు జంటలుగా కూర్చుని ప్రభువుల విందుల్లో వాయించేవి. మోత్సార్ట్ కూడా అటువంటి బృందాల కోసం రచనలు చేశాడు. పెద్ద డోలు, తాళాలు తుర్కుల మెహతర్ అనే సైనిక మేళాల నుంచి యూరప్ సైన్యాలకు వచ్చాయి. 1789లో పారిస్‌లో బెర్నార్ సారెత్ నేషనల్ గార్డ్ కోసం బ్యాండును కూర్చాడు, ఆ వాయిద్యకారులతోనే నడిచిన పాఠశాల 1795లో పారిస్ కన్సర్వేటరీగా మారింది. బ్యాండువాళ్లకు చదువు అక్కర్లేదనే మాట మన దగ్గర తరచూ వినిపిస్తుంది గానీ, యూరప్‌లోని గొప్ప సంగీత కళాశాలల్లో ఒకటి బ్యాండు నుంచే పుట్టిందన్నది చరిత్ర.

ఆ బ్యాండుల్లో మంద్రస్థాయి వాయించిన వాయిద్యాల కథ మీ అబ్బాయి తప్పక తెలుసుకోవాలి. మొదట సర్పెంట్ ఉండేది. పాములా మెలికలు తిరిగిన చెక్క గొట్టానికి తోలు చుట్టి, ఆరు రంధ్రాలు పెట్టి, ఇత్తడి వాయిద్యానికి ఊదినట్టే పెదవులతో ఊదేవారు. చర్చి గానానికి తోడుగా పుట్టిన ఈ వాయిద్యం తరువాత సైనిక బ్యాండుల్లోకి వచ్చింది. దాని స్థానాన్ని ఒఫిక్లైడ్ ఆక్రమించింది. 1817లో పారిస్‌లో తయారై 1821లో పేటెంటు పొందిన ఈ ఇత్తడి వాయిద్యానికి శాక్సోఫోన్‌కు ఉన్నట్టు పెద్ద పెద్ద మీటలు ఉంటాయి. సంగీతకర్తలు బెర్లియోజ్, మెండెల్సన్ ఇద్దరూ దానికి భాగాలు రాశారు. ఇంతలో, నొక్కితే గాలి వెళ్లే దారి పొడవును మార్చే వాల్వులు వచ్చాయి. 1835లో బెర్లిన్‌లో వీప్రెహ్ట్, మోరిట్జ్ ఇత్తడి వాయిద్యాల్లో అన్నిటికంటే మంద్రంగా పలికే ట్యూబాకు పేటెంటు తీసుకున్నారు, 1840లలో యూఫోనియం రూపుకట్టింది, అడాల్ఫ్ శాక్స్ శాక్స్‌హార్న్ అనే వాల్వు వాయిద్యాల కుటుంబాన్ని తయారుచేశాడు. ఆ తరువాత ఒఫిక్లైడ్ ఎంతో కాలం నిలవలేదు. దానికోసం రాసిన భాగాలను నేడు ఎక్కువగా ట్యూబా మీదే వాయిస్తారు. 1856లో ఫ్రాన్స్‌లో వచ్చిన సార్యూసోఫోన్ అనే వాయిద్యం గతి కూడా దాదాపు అంతే.

వాయిద్యం మూలపడినా, నొటేషన్ చదవగలిగి పెదవి పట్టు ఉన్న వాయిద్యకారుడు పక్క వాయిద్యానికి మారగలడు. బ్రిటన్‌లో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవారు కట్టుకున్న ఇత్తడి బ్యాండుల్లో ఒక చక్కటి ఏర్పాటు ఉంది. కార్నెట్ నుంచి బాస్‌ల దాకా, బాస్ ట్రాంబోన్‌ను మినహాయిస్తే, అన్నింటికీ ట్రెబుల్ క్లెఫ్‌లోనే రాస్తారు (క్లెఫ్ అంటే ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు; ట్రెబుల్ పై స్థాయికి, బాస్ కింది స్థాయికి). అందువల్ల వాల్వు వాయిద్యాలన్నిటికీ వేళ్ల వరస ఒకటే అవుతుంది. సైనిక బ్యాండుల సంగీతంలో మాత్రం యూఫోనియానికి బాస్ క్లెఫ్ సర్వసాధారణం. మీ అబ్బాయి ఈ రెండు క్లెఫ్‌లూ తడబడకుండా చదవగలిగితే యూఫోనియానికి దగ్గరి వాయిద్యమైన బారిటోన్‌కు, ట్యూబాకు మారడం పెద్ద కష్టమేమీ కాదు. ఖాళీ ఏ వాయిద్యంలో వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు కాబట్టి, ఇంటర్ ముగిసేలోగా సాధించవలసిన మొదటి లక్ష్యం ఇదే.

ఇక ఉద్యోగాల సంగతి. నౌకాదళం అగ్నివీర్ ఎంఆర్ (మెట్రిక్ రిక్రూట్) మ్యుజీషియన్‌గా పదో తరగతి పాసైన అవివాహిత యువతీ యువకులను తీసుకుంటుంది. శారీరక పరీక్షలో 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. సంగీత పరీక్షలో వాయిద్యం వాయించడంతో పాటు శ్రుతి, లయ గుర్తించడం, ఒక పాట పూర్తిగా పాడడం కూడా ఉంటాయి. మన పిల్లలు తరచూ తేలిపోయేది ఈ పాడే దగ్గరే. ఇత్తడి వాయిద్యంలో ఒకే వాల్వు మీద పెదవి బిగింపును బట్టి అనేక స్వరాలు పలుకుతాయి కనుక, స్వరం ముందు చెవిలో పలకనివాడు వాయిద్యంలోనూ దారి తప్పుతాడని పరీక్షకులకు తెలుసు. రోజూ హార్మోనియం మీద ఒక స్వరం నొక్కి, దాన్ని పాడి, తరువాత యూఫోనియం మీద పలికించే అలవాటు ఇప్పుడే చేయించండి. ఎంపికైనవారికి ప్రాథమిక శిక్షణ ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో, సంగీత శిక్షణ ముంబయిలోని ఐఎన్‌ఎస్ కుంజలిలో ఉంటుంది. వాయుసేన కూడా అగ్నివీర్‌వాయు మ్యుజీషియన్ల కోసం నోటిఫికేషన్లు ఇస్తుంది. సైన్యం బ్యాండువారికి జనరల్ కరియప్ప కాలంలో, 1950లో మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో నెలకొల్పిన మిలిటరీ మ్యూజిక్ వింగ్ శిక్షణ ఇస్తుంది. సీఆర్‌పీఎఫ్ ట్రేడ్స్‌మెన్ నియామకాల్లోనూ బ్రాస్ బ్యాండు కానిస్టేబుళ్ల పోస్టులు వస్తుంటాయి. ఇవి ఏటా ఒకే సంఖ్యలో వస్తాయన్న హామీ లేదు. వయోపరిమితి కూడా మారుతుంటుంది కాబట్టి ప్రతి నోటిఫికేషన్‌నూ చదివించండి.

అగ్నివీర్ అంటే నాలుగేళ్లేనన్న విషయం మీరు ముందుగానే మనసులో పెట్టుకోవాలి. 2022లో ప్రకటించిన పథకం ప్రకారం మొదటి ఏడాది జీతం నెలకు 30,000 రూపాయలు, అందులో 9,000 సర్వీసు ముగిశాక చేతికిచ్చే సేవానిధి అనే పొదుపు నిధికి పోతుంది. ప్రభుత్వం అంతే కలుపుతుంది. నాలుగేళ్లు నిండేసరికి వడ్డీ కాకుండా సుమారు 10.04 లక్షలు చేతికి వస్తుంది. శాశ్వత కేడర్‌లోకి తీసుకునేది గరిష్ఠంగా 25 శాతం మందినే. ఈ లెక్క చూసే నేను మీ అబ్బాయి ఎంపీసీని మధ్యలో వదలకూడదంటున్నాను. ఇంటర్ పాసై ఉంటే, తరువాత దూరవిద్యలో డిగ్రీ చేసుకోవచ్చు. సంగీత పరీక్షలు నిర్వహించే లండన్ సంస్థలు ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎంల గ్రేడు పరీక్షలు కూడా రాస్తూ ఉంటే, సర్వీసు తరువాత ఇంటర్నేషనల్ స్కూళ్లలో బ్యాండు మాస్టరుగా దరఖాస్తు చేసేటప్పుడు చూపించడానికి చేతిలో కాగితం ఉంటుంది.

పెళ్లి బ్యాండు గురించి వాళ్లమ్మగారి దిగులులో న్యాయం ఉంది, అయితే అది గౌరవానికి సంబంధించింది కాదు. ఆషాఢమో మూఢమో వస్తే నెలల తరబడి ఆదాయం ఉండదు, పీఎఫ్ ఉండదు, అన్నీ చెవినపడిన పాటలే కావడంతో నొటేషన్ చదివే అవసరం కూడా రాదు. సెలవుల్లో నాలుగు ముహూర్తాలకు వెళ్లి వాయిస్తే మాత్రం తప్పేమీ లేదు. గంటల తరబడి నడుస్తూ ఊదే ఓర్పు పరేడుకు పనికివస్తుంది.

కీబోర్డు విషయంలో మీ ఆలోచన సగం సరైనదే. యూఫోనియానికి బదులుగా వద్దు, రెండో వాయిద్యంగా నేర్పించండి. రెండు క్లెఫ్‌లూ, స్వరాల కలయికలూ దానిమీద త్వరగా అర్థమవుతాయి. క్లారినెట్ వాయించేవారు మన దగ్గర కచేరీల్లోనూ బ్యాండుల్లోనూ ఎక్కువే కాబట్టి పోటీ కూడా ఎక్కువే, పైగా పెదవి పట్టు మొదటి నుంచి నేర్చుకోవాలి. మరీ అరుదైన ఓబో, బాసూన్‌ల వైపు ఇప్పుడు వెళ్లవద్దు. వాటికి రెండు పొరల రీడు (ఊదినప్పుడు కంపించే పలుచని వెదురు లాంటి పుల్ల) కావాలి, మంచి రీడు ఖరీదు, కొన్ని వారాలకే పాడవుతుంది, దాన్ని చెక్కడం నేర్పే గురువు జిల్లాలో దొరకడమూ కష్టం.

స్కూలు వాయిద్యం తిరిగి ఇచ్చేసి ఉంటారు కనుక ఒకటి కొనాల్సి వస్తుంది. మీరట్‌లోని జాలీ కోఠీ ఇత్తడి బ్యాండు వాయిద్యాల తయారీకి పేరున్న చోటు. అక్కడి సరుకు చవక గానీ, ప్రతి వాయిద్యం శ్రుతినీ విడిగా చూసుకోవాలి. సెకండ్‌హ్యాండ్ అయితే మీ అబ్బాయి వెళ్లకుండా కొనవద్దు. వాల్వు నొక్కకుండా దాని స్లైడును మెల్లగా బయటికి లాగితే టప్‌మని చప్పుడు రావాలి. రాకపోతే వాల్వు అరిగి గాలి కారుతోందని అర్థం. నొక్కిన వాల్వు వదలగానే పైకి లేవాలి. మౌత్‌పీస్ దగ్గరి గొట్టంలో సొట్ట ఉంటే బేరం మానుకోండి. మూడు వాల్వులు కలిపి నొక్కినప్పుడు కింది స్వరాలు శ్రుతి కంటే పైకి పోతాయి. ఈ లోపాన్ని సరిదిద్దే కాంపెన్సేటింగ్ పద్ధతిని 1874లో ఇంగ్లండులో బ్లెయిక్లీ రూపొందించాడు. ఆ పద్ధతి ఉన్న నాలుగు వాల్వుల వాయిద్యం చాలా ఖరీదు, ఇప్పుడే అవసరం లేదు. ఈ దశకు మూడు వాల్వులది చాలు. మిగిలిన డబ్బు విశాఖలో ఉండే రిటైర్డ్ నేవీ బ్యాండు వాయిద్యకారుల్లో ఎవరి దగ్గరైనా ఆదివారం పాఠాలకు పెట్టండి, వాళ్లను కలిసినప్పుడు మొదట నొటేషన్ నేర్పుతారా అని అడగండి.