రీమేక్ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

‘ఇన్‌సోమ్నియా’కి నువ్వు రాస్తున్న తెలుగు రీమేక్ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. సీన్లు ఉన్నవి ఉన్నట్టు దించావు, ఊరి పేర్లు మార్చావు, హంతకుడికి మన గోదావరి యాస పెట్టావు, కానీ నాకు ఎక్కడా భయం వేయలేదు. ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకోకు.

1997లో వచ్చిన నార్వే సినిమా ‘ఇన్‌సోమ్నియా’ (అంటే నిద్రలేమి), 2002లో క్రిస్టఫర్ నోలన్ చేసిన దాని రీమేక్, రెండూ ఒకదాని వెంట ఒకటి చూడు. నార్వే సినిమాలో డిటెక్టివ్ పొగమంచులో హంతకుడనుకుని తన తోటివాణ్నే కాల్చేస్తాడు. అప్పట్లో అక్కడి పోలీసులు మామూలుగా తుపాకీ పెట్టుకునేవారు కాదు, ఇతనేమో స్వీడన్ నుంచి వచ్చి తుపాకీ దగ్గర ఉంచుకున్నాడు, అందుకే నిజం చెప్పలేక మొదటి అబద్ధం ఆడతాడు. మరి అదే కథ అలాస్కాకి తెస్తే? అమెరికాలో పోలీసు నడుముకి తుపాకీ ఉండనే ఉంటుంది, ఆ కారణం చెల్లదు. అందుకని కొత్త కారణం అల్లారు: హీరో మీద డిపార్ట్‌మెంట్ విచారణ నడుస్తోంది, చనిపోయిన పార్ట్‌నర్ అందులో నోరు విప్పడానికి సిద్ధపడ్డాడు. ఇప్పుడు ఆ తూటా పొరపాటున పేలిందో కాదో కాల్చినవాడికే తెలియదు. సీను అదే, పాపం మారిపోయింది.

నీ స్క్రిప్టులో ఆ పాపమే లేదు. మీ ఎస్సై ఎందుకు దాస్తాడు? అతనూ, అతని చేతిలో చనిపోయిన తోటి పోలీసూ భీమవరం పక్కన బినామీ పేరు మీద రొయ్యల చెరువు లీజుకి తీసుకుని, లెక్కల దగ్గర మాటా మాటా అనుకుని ఉంటే? పొగమంచుకైతే కొదవ లేదు, సంక్రాంతి ముందు లంకల్లో తెల్లవారుజామున ఎదురుగా వచ్చే మనిషి ఆనడు.

ఇక నిద్ర. ఆ సినిమాల్లో వేసవిలో పొద్దు కుంకదు, కర్టెన్ సందుల్లోంచి వచ్చే వెలుతురే డిటెక్టివ్‌ని నిద్రపోనివ్వకుండా చంపేస్తుంది. మనకి పొద్దు కుంకుతుంది కదా అని నువ్వు హీరో చేత టాబ్లెట్లు మింగించి వదిలేశావు. చెరువు గట్టు మీద ఒక్క రాత్రైనా పడుకున్నావా? చీకటి పడ్డాక నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుందని తెల్లవార్లూ ఏరియేటర్లు, అంటే నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు, తిప్పుతూనే ఉంటారు. ఆ హోరుకి అలవాటు పడ్డవాళ్లు దాని పక్కనే హాయిగా నిద్రపోతారు, అదే కరెంటు పోయి హోరు ఆగిందా, ఉలిక్కిపడి లేచి జనరేటర్ దగ్గరికి పరిగెడతారు. ఒకసారి మా బావ చెరువు దగ్గర నేనున్నప్పుడే అలా జరిగింది, ఆ నిశ్శబ్దంలో టార్చిలైటు వెతుక్కుంటున్న ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తే.

హంతకుడు ఎస్సైకి ఫోన్ చేసే సీను ఉంది కదా, అది ఆ హోరు ఆగిన నిమిషంలో పెట్టు. ముందు గట్టు మీద ఓ రాత్రి ఉండి రా, వచ్చాక ఆ ఒక్క సీనే మళ్లీ రాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం.

మీ అన్నయ్య